శెనక్కాయ వేరు కాదు

పోయిన ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ధర్మవరంలో మా ఇంటి వసారాలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎవరెవరో ప్రశ్నలడిగే, ఎవరెవరో జవాబులు రాసే సైటు ఒకటుంది. సెలవు రోజుల్లో నేనూ అందులో తెలిసినవాటికి జవాబులు రాస్తుంటాను. ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు ఆదివారం కూడా ఊరుకోదు కదా. ఆ మధ్య ఎవరో పట్నంవాళ్లు "వేరుశనగ వేరా, కాయా?" అని అడిగితే పెద్ద జవాబే రాశాను. పూవు పూయడం, ఊడ దిగడం, మట్టిలో కాయ ఊరడం, అన్నీ వరసగా. ఆదివారం తెరిచి చూస్తే నా జవాబు అన్నిటికన్నా అడుగున, బూడిదరంగులో, వెలివేసినట్టు పడివుంది. అందరికన్నా పైన వెలుగుతున్న జవాబు ఇది: "పేరులోనే వేరు ఉంది కదా! ముల్లంగి, క్యారెట్ లాగే ఇదీ వేరే." పక్కన ఒక నవ్వు బొమ్మ. దాన్ని వందలమంది మెచ్చుకున్నారు. నా జవాబు కింద మాత్రం చాలామంది కిందికి చూపే బాణం నొక్కి పోయారు.

మా అమ్మాయి భుజం మీదుగా తొంగిచూసి, "తీసేయమ్మా. ఇంకా మైనస్‌లు పడితే నీ స్కోరంతా పోతాది" అంది.

"పోతే పోనీ. తీయను" అన్నాను.

అంత గట్టిగా ఎందుకన్నానో దానికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ మాట నా నోట్లోంచి వచ్చినా నాది కాదని తెలుసు. అది మా చిన్నమ్మ మాట.

చిన్నమ్మంటే మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకన్నా ఎనిమిదేళ్లే పెద్ద. హిందూపురంలో ఇంటర్మీడియట్ చదివింది. చిలమత్తూరు దగ్గరి పల్లెకు కోడలుగా పోయింది. పెళ్లయిన రెండో ఏడాదికే చిన్నాయన బెంగుళూరులో కట్టడం పనులకు పోవడం మొదలుపెట్టాడు. నెలకొకసారి శనివారం బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారేసరికి మళ్లీ వెళ్లేవాడు. ఆయన లేని ఇరవై ఎనిమిది రోజులూ వాళ్ల ఐదెకరాల చేను చిన్నమ్మదే. విత్తనం వేయడం, కలుపు తీయించడం, వానకోసం ఆకాశాన్ని తిట్టడం, అన్నీ ఆమే. మనిషి బక్కగా ఉంటుంది గాని గొంతు మాత్రం రెండు చేలు దాటి వినిపిస్తుంది. పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గరికిపోయి పులుసులో బెల్లం ఎక్కువైందని చెప్పి, వాళ్లు కాదంటే, గరిటెతో వాళ్ల చేతిలోనే పోసి రుచి చూపించే రకం. బంధువులు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. ఆమె పక్కన కూర్చున్నందుకు నాకు సిగ్గుగా ఉండేది. ఆ సంగతి దాచడం దేనికి?

పన్నెండేళ్ల కిందటేమో, రైతులకు విత్తనాలిచ్చే ఒక ప్రైవేటు సంస్థ ఊళ్లు తిరిగి సాగు సలహాలు చెప్పడానికి మనుషులు కావాలని ప్రకటన వేసింది. ఉద్యోగాలు మూడు. పరీక్ష వంద ప్రశ్నలు. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. చిన్నమ్మ ఆ కాగితం పట్టుకుని నాకు ఫోన్ చేసింది. "పాపా, ఇది వస్తే మీ చిన్నాయనను ఇంటికి పిలిపిస్తా. చేను ఆయన చూసుకుంటాడు, నేను ఉద్యోగం చేస్తా. ఇంతకాలం మొగుడూపెళ్లాలు బస్టాండులోనే కాపరం చేసినట్లుండాది మాకు" అంది. నవ్వుతూనే అంది.

పరీక్ష హిందూపురంలో ఒక కాలేజీలో పెట్టారు. నేను తోడు వెళ్లి, గేటు బయట చింతపండు పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డాను. మార్కెట్ వైపు నుంచి ఎండుమిరపకాయల ఘాటు గాలిలో తేలివచ్చి తుమ్ములు తెప్పిస్తోంది. పరీక్ష ముగిసి అందరూ బిక్కమొహాలతో బయటికి వస్తుంటే చిన్నమ్మ ఒక్కతే పెళ్లివారింట్లోంచి వస్తున్నట్టు వచ్చింది. జవాబు పత్రంలో గుండ్రాలు దిద్దీ దిద్దీ బొటనవేలు నల్లబడింది. పులిహోర తింటూ ప్రశ్నలన్నీ వల్లెవేసింది. "శెనక్కాయ మొక్కలో ఏ భాగమని అడిగినారు. వేరు, కాండం, పండు, దుంప. ఇట్లాంటి సులభమైన ప్రశ్నలు ఇంకో పది ఇచ్చింటే బాగుండు" అంది.

"వేరే కదా చిన్నమ్మా, వేరుశనగ అనే కదా అంటాం" అన్నాను.

అవును, అన్నాను. ఈరోజు ఆ సైటులో అందరికన్నా పైన వెలుగుతున్న జవాబు ఆనాడు నాదే. చిన్నమ్మ పులిహోర నమలడం ఆపి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నువ్వు పుట్టింది శెనక్కాయల సీమలోనేనా? మనం ఏమంటాం దాన్ని? శెనక్కాయ. కాయ అంటాం. ఆ వేరు ఎవడు కలిపినాడో, వాడు చేనుకు రాకుండానే కలిపింటాడు" అంది.

పది రోజులకు పెనుకొండలో ఆ సంస్థ ఆఫీసు గోడకు జవాబుల కీ అంటించారు, పక్కన మార్కుల వరస. చిన్నమ్మది ఐదో స్థానం. మూడో స్థానంలో ఉన్నవాళ్లకూ ఆమెకూ తేడా ముప్పావు మార్కు. కీలో శెనక్కాయ ప్రశ్నకు జవాబు "వేరు" అని ఉంది. అంటే ఆమెకు రావలసిన మార్కు పోయింది, పైన పావు కోతా పడింది. అది సరిచేస్తే ఒకటింపావు కలిసి తాను మూడో స్థానానికి వస్తానని ఆమె అక్కడే గోడకు ఆనుకుని లెక్కేసుకుంది. అభ్యంతరాలుంటే వారంలోగా ఆధారంతో రావాలని కింద రాసివుంది.

నాలుగో రోజు ఆమె ఆధారం తెచ్చింది. ఆ ఏడు వానలు వేళకు పడ్డాయి. చేలన్నీ పసుప్పచ్చ పూలు పూసి ఊడలు దిగుతున్నాయి. తెల్లవారుజామునే ఒక చెట్టును మట్టితో సహా పెరికి, తడిగోనెలో చుట్టి, రెండు బస్సులు మారి పెనుకొండకు వచ్చింది. నేను ధర్మవరం నుంచి సెలవు పెట్టి వెళ్లాను. లోపల అధికారి కళ్లజోడు సవరించుకునేలోపే గోనె విప్పి, ఆయన బల్లమీద అద్దంపైన చెట్టును పరిచేసింది. మట్టి పెళ్లలు ఫైళ్ల మీదికి దొర్లాయి. పచ్చి మట్టి వాసన గదంతా నిండింది. నాకు ఆ క్షణంలో గోడలోకి దూరిపోదామనిపించింది.

"ఏమ్మా ఇది? ఇది ఆఫీసు, సంత కాదు" అన్నాడాయన.

"ఆధారం తెమ్మన్నారు కదా సార్, తెచ్చినా. చూడండి, ఇది వేరు. ఇంత పొడుగు, దీనికి ఈ బుడిపెలు. దీనికి యాడన్నా కాయ ఉండాదా? ఇప్పుడు ఈడ చూడండి. పువ్వు వాడిపోయింది. దాని మొదట్లోంచి ఈ ఊడ దిగతాండాది. ఇది ఇంకా నేలను తాకలేదు, గాల్లోనే ఉండాది. ఈ పక్కది మట్టిలోకి పోయింది, కొన లావెక్కింది. అదే కాయ. పువ్వులోంచి వచ్చినదాన్ని వేరు ఎట్లా అంటారు సార్?"

పక్క గదుల్లోంచి నలుగురు వచ్చి వంగి చూశారు. అధికారి కూడా చూశాడు. చూడలేదని అనలేను. కాని చూసింది ఒప్పుకోవడానికి ఆయనకు పుస్తకం కావాలి. తమ సంస్థ వేసిన చిన్న పుస్తకం తీశాడు. అందులో వేరు అనే ఉంది. తరవాత, ఇక తిరుగులేని మాట చెప్తున్నట్టు, "పరీక్ష రాసినవాళ్లలో ముప్పాతికమంది వేరు అనే పెట్టినారమ్మా. అంతమందీ తప్పు, మీరొక్కరే ఒప్పా?" అన్నాడు.

"గొర్రెలన్నీ ఒకే గుంతలో పడితే అది దారి అయితాదా సార్?" అంది చిన్నమ్మ.

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. అయినా అర్జీ తీసుకుని ముద్ర వేసిచ్చాడు. బయటికొచ్చాక నేను చిన్నమ్మతో దెబ్బలాడాను. అంత మాట అనాలా, మెల్లగా చెప్పరాదా, పెద్ద ఉద్యోగస్థుడు కదా అని. ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంటూ, "మెల్లగా చెప్తే ఆ పుస్తకంలో వేరు కాయ అయితాదా?" అని మాత్రం అంది.

నెల దాటాక ఉత్తరం వచ్చింది. సదరు ప్రశ్న వివాదాస్పదమైనందున, ఇదివరకు వేసిన మార్కులు, కోతలు అలాగే ఉంచి, పరీక్ష రాసిన అందరికీ ఒక్కో మార్కు అదనంగా కలిపామని దాని సారాంశం. బంధువులంతా "గెలిచినావు పో" అన్నారు. నేనూ అన్నాను. చిన్నమ్మ ఉత్తరం చదివి, వేళ్లమీద మార్కులు మళ్లీ లెక్కేసుకుందంట. ఆమె స్థానం ఐదే. తప్పు రాసినవాళ్లకీ మార్కు, ఒప్పు రాసినవాళ్లకీ మార్కు. అందరినీ ఒకే మెట్టు పైకి ఎక్కిస్తే ఎవరు ఎక్కినట్టు? సంస్థ పెద్ద ఆఫీసు ధర్మవరంలో ఉంది. మర్నాడే ఆమె మా ఇంట్లో దిగింది, సంచిలో ఇంకో శెనక్కాయ చెట్టుతో.

ఆ సాయంత్రం నేను పిల్లల త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మా వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా ఆగలేదు. నేను తెలుగు పంతులమ్మను. ఎర్ర పెన్ను, పక్కన పైనుంచి వచ్చిన కీ, చకచకా సాగిపోతోంది పని. చిన్నమ్మ ఊరకే కూర్చోలేని మనిషి. ఒక పేపరు తీసి చదువుతూ ఉన్నట్టుండి, "ఏమ్మే, మోడానికి సున్నా ఏస్తివే?" అంది.

చూశాను. మేఘానికి వేరే పదాలు రాయమని ప్రశ్న. కీలో మబ్బు, మొయిలు ఉన్నాయి. ఆ పిల్ల మబ్బు రాసి, రెండోదిగా మోడం అని రాసింది. మోడం మీద ఎర్రగీత, పక్కన సున్నా.

"కీలో లేదు చిన్నమ్మా."

"కీలో లేకుంటే? మన ఊర్లో మోడం పట్టలేదా? మీ అవ్వ మోడం పట్టింది ఒడియాలు లోపల పెట్టమని అరిస్తే పరిగెత్తింది నువ్వు కాదా?"

నేనే. మొయిలు అనే మాటను నేను ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. మోడం అనని వానాకాలం లేదు. ఆ పిల్ల తనకు తెలిసిన నిజాన్ని రాస్తే నేను దాన్ని గీసి పారేశాను, అదీ ఆలోచించి కాదు, అలవాటుగా. పెనుకొండలో ఆ అధికారిని చూసి మనసులో ఎన్ని అనుకున్నానో, ఆ బల్లకు ఈ పక్క నేను కూర్చుని చేస్తున్నది అదే పని. ఆ రోజు కట్టలోని పేపర్లన్నీ మొదటినుంచి మళ్లీ దిద్దాను. మోడం రాసినవాళ్లు పదకొండుమంది తేలారు. వాళ్లందరికీ మార్కులు వేశాను. కీ దాటి వేసినందుకు తరవాత నాకొక మెమో వచ్చింది. దానికి జవాబుగా, ఈ సీమలో మేఘాన్ని మోడం అంటారు, కావలిస్తే వానాకాలంలో వచ్చి వినండి అని రాశాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున సెలవు పెట్టి నేనే చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఈసారి సిగ్గనిపించలేదు. ధర్మవరంలోని పెద్దసారు నెమ్మదస్తుడు. చెట్టును తనే చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశాడు. ఊడ కొసన లేతకాయను చిదిమితే తెల్లటి పాలు కారాయి. "మీరు చెప్పిందే నిజమమ్మా" అన్నాడు. "కాని ఇప్పుడు కీ మారిస్తే మూడోస్థానంలో ఉన్నతను పోతాడు. ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకునివుంటాడు. అందరికీ మార్కు కలిపినాం కదా, ఎవరికీ నష్టం లేదు. దాంతో వదిలేయరాదా?"

ఆ మనిషి సంగతి మేము ఆలోచించనే లేదు. చిన్నమ్మ ఖాళీ సంచిని మడిచి ఒళ్లో పెట్టుకుంది. తరవాత మెల్లగానే మాట్లాడింది, ఆమె జీవితంలో అంత మెల్లగా మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు.

"ఆయప్ప నోటికాడి కూడు లాగాలని నాకు లేదు సార్. కానీ నష్టం లేదంటాండారే, ఉండాది. రేపు ఆయప్ప ఊర్లకు వస్తాడు. శెనక్కాయ వేరనుకున్న మనిషి ఊడలు దిగేటప్పుడు కలుపు ఉండాది, గుంటక తోలండి అంటాడు. సంస్థ సారు చెప్పినాడని మావాళ్లు తోలతారు. గుంటక ఇనుముకు ఊడలన్నీ తెగిపోతాయి. ఆ చేన్లో ఆ ఏడు ఆకు తప్ప ఏమీ మిగలదు. అప్పుడు ఆ రైతుకు ఎన్ని మార్కులు కలుపుతారు సార్?"

పెద్దసారు చెట్టును బల్లమీద పెట్టి, కీ కాగితం ముందుకు లాక్కున్నాడు. కీ మార్పిస్తానని, పుస్తకం కూడా దిద్దిస్తానని చెప్పాడు. చెప్పినట్టే చేశాడు. కాని కాగితం మీద కాగితం కదిలి, కొత్త జాబితా పెనుకొండ గోడకు ఎక్కేసరికి మరో రెండు నెలలు పట్టింది.

జాబితా చూడడానికి ఇద్దరమూ వెళ్లాం. నేను కిందినుంచి చదువుతున్నాను, ఆమె పైనుంచి. మూడు పేర్లు దాటాక ఆమె వేలు ఆగింది. నాలుగో స్థానం. తానొక్కతే ఒప్పు రాసినట్టు లెక్కేసుకుంది గాని, మొదటి స్థానంలో ఉన్నతనూ, నాలుగులో ఉన్న ఆమడగూరు అమ్మాయీ కూడా పండు అనే పెట్టారు. కీ మారాక ఆ అమ్మాయి రెండుకు ఎక్కింది. రెండులో ఉన్నతను వేరు పెట్టి మార్కులు తగ్గినా, చిన్నమ్మకన్నా పావు మార్కు పైనే నిలబడి మూడో ఉద్యోగం దక్కించుకున్నాడు. పావు మార్కు. తెలియకపోయినా ఒక ప్రశ్నకు ఊరకే గుండ్రం దిద్దిందంట, దానికి పడిన కోత అంతే.

పెనుకొండ బస్టాండులో సిమెంటు బల్లమీద కూర్చుని చిన్నమ్మ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని కాదు, అందరూ చూస్తుండగానే, బాహాటంగా. నేను ఓదార్చబోయి, పోనీలే, కనీసం నిజం నిలబడింది కదా అన్నాను. "నిజం నిలబడితే మీ చిన్నాయన వస్తాడా?" అంది. హిందూపురం బస్సు వచ్చింది. ఎక్కుతూ ముక్కు చీదుకుని, వెనక్కి తిరిగి, "అయినా సరే, కీ మార్చద్దని అడిగింటే నేను మనిషిని కాదు" అంది.

నెల తిరక్కముందే ఆమడగూరు అమ్మాయి చిన్నమ్మ ఊరికి వెతుక్కుంటూ వచ్చింది. తనకు ఉద్యోగం ఎలా వచ్చిందో ఆఫీసులో ఎవరో చెప్పారంట. "అక్కా, నేనూ పండనే పెట్టింటి. కీలో వేరని చూసి నాకే తెలీదేమో అనుకుని ఊరకుండిపోతిని. నువ్వు అడిగినావు" అని కళ్లనీళ్లు పెట్టుకుందంట. చిన్నమ్మ ఆమెకు అన్నం పెట్టి, చేనుకు తీసుకుపోయి, ఏ మట్టిలో ఊడ తొందరగా దిగుతుందో చూపించి పంపింది. ఇప్పటికీ ఆ అమ్మాయి ఊళ్లకు వచ్చినప్పుడల్లా, తెగుళ్ల మాట వస్తే, "ఆ ఊర్లో మా అక్క ఉండాది, అడిగొస్తాను ఉండండి" అంటుందని విన్నాను.

మరుసటి ఏడు మళ్లీ పరీక్ష పెట్టారు, ఈ కీ గొడవ వల్ల మూడు నెలలు ఆలస్యంగా. చిన్నమ్మ దరఖాస్తు తిప్పి పంపారు. నలభై ఏళ్లు దాటినవాళ్లు అర్హులు కారంట. ఆమెకు నలభై దాటి అప్పటికి మూడు వారాలు. చిన్నాయన ఇంకో ఆరేళ్లు బెంగుళూరు బస్సు ఎక్కుతూనే ఉన్నాడు. చివరికి మోకాళ్లు అరిగి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ చేనుగట్టు మీద పక్కపక్కన కూర్చుంటారు. ఆయన ఇంటికి రావాలని ఆమె కోరుకున్న వయసు మాత్రం ఇద్దరికీ దాటిపోయింది.

అంతా మన మంచికే అనే మాట నాకు నచ్చదు. చిన్నమ్మకు అది మంచి కాదు. ఓడిపోయినా గొప్పగా ఓడిపోయిందని చెప్పి నేను కథను తీపి చేయను. తప్పు ఒప్పుకోవడానికి వాళ్లు తీసుకున్న నెలలు ఎవరి లెక్కలోంచి పోయాయో నేను దగ్గరుండి చూశాను. ఒప్పు ఎంత ఆలస్యంగా వచ్చినా ఒప్పే. కాని ఆ ఆలస్యమైన కాలం మాత్రం ఎప్పుడూ అడిగినవాళ్ల ఆయుష్షులోంచే పోతుంది.